కొండారెడ్డి బురుజు దగ్గర సర్‌ప్రైజ్ ప్రపోజల్: ప్రాజెక్టు డైరీ

ఆదివారం, సంక్రాంతి దాటాక

కొత్త పని ఒప్పుకున్నాను. కర్నూలు నడిబొడ్డున, కొండారెడ్డి బురుజు దగ్గర, ఒక అబ్బాయి తను ఇష్టపడే అమ్మాయిని పెళ్ళి చేసుకుంటావా అని అడగబోతున్నాడు. ఆమెకు ఈ సంగతి తెలియదు. అడిగేటప్పుడు, ఆమె వినేటప్పుడు, జవాబు చెప్పేటప్పుడు ఫోటోలు కావాలి. కెమెరా ఉన్నట్టు చివరిదాకా ఆమెకు తెలియకూడదు.

నేను పెళ్ళిళ్ళు, సీమంతాలు, ఓణీల ఫంక్షన్లు తీస్తుంటాను. వాటిల్లో మాకొక వెసులుబాటు ఉంది. తలంబ్రాలప్పుడు "అమ్మా, కొంచెం ఇటు తిరగండి" అంటే తిరుగుతారు. దండలు మార్చుకునేటప్పుడు ఎవరి చెయ్యైనా అడ్డమొస్తే పంతులుగారే "పడిందా అమ్మా?" అని అడిగి ఆగుతారు. ఈ పనిలో ఎవరూ ఆగరు, ఆపకూడదు కూడా. అందుకే సరదా షూట్ అనుకోకుండా, ముహూర్తం పెళ్ళికి తయారైనట్టు తయారవుదామనుకున్నాను.

ఒప్పుకునే ముందు ఆ అబ్బాయిని చాలాసేపు ప్రశ్నలడిగాను. ఓర్వకల్లు అవతల సోలార్ ప్లాంటులో పనిచేస్తాడు. అమ్మాయి నర్సు, ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ. ఇంటర్ నుంచి ఒకరికొకరు తెలుసు. రెండిళ్ళ పెద్దవాళ్ళూ మాట్లాడుకున్నారు, జాతకాలు చూపించుకున్నారు, ఉగాది తర్వాత లగ్నం పెట్టుకుందామనుకున్నారు. "మరి ఇంకా అడిగేదేముంది నాయనా?" అంటే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మా నాయన వాళ్ళ నాయన్ను అడిగినాడు. మా అమ్మ వాళ్ళమ్మను అడిగింది. ఆ పిల్లను మాత్రం ఎవరూ అడగలేదక్కా. నేనూ అడగలేదు."

ఆ మాటతో ఒప్పుకున్నాను. అమ్మాయి మనసు తెలియకుండా నలుగురి ముందు నిలబెట్టి అడిగే పనైతే ఎంత డబ్బిచ్చినా నేను వెళ్ళను. చుట్టూ జనం ఫోన్లు ఎత్తి పట్టుకుని, ఈలలు వేస్తుంటే ఏ ఆడపిల్లకైనా "ఆలోచించుకుని చెప్తాను" అనే అవకాశం ఉంటుందా?

ఇంకో చిన్న మెలిక. ఇది ఆ అమ్మాయి వాళ్ళమ్మకు చెప్పే చేస్తున్నాడు. ఆమె ఒక్కటే షరతు పెట్టిందట: "పుష్యమాసంలో వద్దు, మాఘం రానీ." సరే, మాఘమే.

మంగళవారం సాయంత్రం

స్థలం చూడటానికి వెళ్ళాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్న బురుజే. కానీ ఒక పని పెట్టుకుని చూస్తే రోజూ దాటిపోయే గోడ కూడా వేరేగా కనిపిస్తుంది.

విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529కీ 1542కీ మధ్య, కట్టిన కోటలో మిగిలిన భాగం ఇదని చెబుతారు. అలంపురాన్ని ఏలిన కొండారెడ్డిని 17వ శతాబ్దంలో కర్నూలు నవాబు ఇందులో బంధించాడని, ఆ పేరే నిలిచిపోయిందని అంటారు. ఇక్కడి నుంచి తుంగభద్ర కిందుగా సొరంగం ఉందని, కొండారెడ్డి అందులోంచి తప్పించుకుపోయాడని మా జేజి చెప్పేది. ఊళ్ళో ఎవరిని అడిగినా ఇదే కథ, చివర మాత్రం తలా ఒక రకం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని. మూడేళ్ళ తర్వాత ఆ హోదా హైదరాబాదుకు పోయింది. బురుజు ఎక్కడికీ పోలేదు. కర్నూలు వాళ్ళకు అడ్రసు చెప్పడానికైనా, బయటివాళ్ళకు ఊరు చూపించడానికైనా ఇప్పటికీ ఇదే గుర్తు.

అబ్బాయి ఈ చోటే కావాలనడానికి ఒక కారణం చెప్పాడు. ఇంటర్‌లో ఉన్నప్పుడు ట్యూషన్ నుంచి వస్తూ ఇద్దరూ ఈ గోడ దగ్గరే ఎవరి దారిన వాళ్ళు విడిపోయేవాళ్ళట.

ఇక పని సంగతి. ఇది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. ఇలాంటి చోట ట్రైపాడ్ పెట్టాలన్నా, లైట్లు పెట్టాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలి. డ్రోన్ సంగతి అసలు ఎత్తకూడదు. అబ్బాయి డ్రోన్ అడిగాడు. రెండు కారణాలు చెప్పి వద్దన్నాను. ఒకటి రూలు. రెండోది, నెత్తి మీద ఏదో రొద పెడుతుంటే ఆమె పైకి చూస్తుంది గానీ ఇతన్ని చూడదు. చేత్తో పట్టుకున్న కెమెరాలు, ఉన్న వెలుతురు, అంతే. గోడల మీద ఏదీ అంటించడం గానీ, పూలు చల్లడం గానీ, క్యాండిల్స్ వెలిగించడం గానీ ఉండదని కూడా గట్టిగా చెప్పాను. ఆ రాళ్ళ మీద ఇప్పటికే పేర్లు చెక్కినవాళ్ళు చాలామంది ఉన్నారు. చూస్తే కడుపు మండుతుంది.

అక్కడ కాపలా ఉండే పెద్దాయనతో మాట్లాడాను. "ఏం అన్నా, ఇట్లా ఒక పిల్లోడు అడగాలనుకుంటున్నాడు, ఎవరికీ ఇబ్బంది లేకుండా తీసుకుంటాం" అంటే నవ్వి, "ఆదివారం మాత్రం రావొద్దమ్మా, కాలు పెట్టే సందు ఉండదు" అన్నాడు. జనం ఏ మూలకు పోతారో, పిల్లలు ఎక్కడ ఎక్కి గంతులేస్తారో, ఏ మూలకు ఎవరూ రారో అంతా చూపించాడు. ఒక గంట తిరిగినా నాకు దొరకని సమాచారం అది. రెండు గోడలు కలిసే ఒక మూల నాకు నచ్చింది. వెనక రాయి తప్ప కరెంటు తీగలు, ఫ్లెక్సీలు ఏమీ ఫ్రేములోకి రావు. ఊరి మధ్యలో అలాంటి చోటు దొరకడం తేలిక కాదు.

శుక్రవారం

ఎక్కడ దాక్కోవాలి అన్నది అబ్బాయి టెన్షన్. నా అనుభవంలో దాక్కున్నవాళ్ళ మీదే జనం కన్ను పడుతుంది. గోడ చాటు నుంచి పెద్ద లెన్సు బయటికి పెట్టి చూస్తే ఎవరికైనా అనుమానమే. అదే లెన్సుతో నా మేనకోడలిని ఎదురుగా నిలబెట్టి, "గడ్డం కొంచెం కిందికి, ఆఁ, నవ్వు" అంటూ తీస్తుంటే ఎవరూ పట్టించుకోరు. అమ్మాయి చూసినా "ఎవరో ఫోటోషూట్" అనుకుంటుంది. అందుకని మేనకోడలికి ఓణీ కట్టించి తీసుకెళ్ళాలని ఖాయం చేశాను. ఆమె నిలబడే చోటూ, జంట నిలబడే చోటూ ఒకే వరుసలో ఉండాలి. అప్పుడు నేను కాస్త పక్కకు జరిగితే చాలు, లెన్సు వాళ్ళ మీదికి పోతుంది.

దూరం ఇరవై మీటర్ల లోపు. దూరంలో ఉన్నదాన్ని దగ్గరగా చూపించే 70-200 జూమ్ లెన్సును 200 దగ్గర పెడితే ఆ దూరంలో ఇద్దరూ తల నుంచి కాలిదాకా వస్తారు, కొంచెం చోటు మిగులుతుంది. అపర్చర్, అంటే లెన్సులోకి వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్/4. ఎఫ్/2.8 దాకా ఉంది కదా అని ఇంకా పెద్దగా తెరవాల్సిన పనిలేదు, తెరిస్తే స్పష్టంగా వచ్చే లోతు తగ్గిపోతుంది. ఒకరు మోకాలి మీద, ఒకరు నిలబడి ఉంటే ఇద్దరి ముఖాలూ ఒకే దూరంలో ఉండవు, రెండూ స్పష్టంగా రావాలి. షట్టర్ వేగం సెకనులో 1/500కు తగ్గకూడదు. ఇలాంటప్పుడు చెయ్యి నోటి మీదికి పోయే వేగం చాలా ఎక్కువ. ఐఎస్ఓ, అంటే వెలుతురును పట్టే సున్నితత్వం, ఆటోలో పెట్టి 6400 దగ్గర హద్దు పెట్టాను. వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల సర్దుబాటు, మాత్రం ఆటోలో వద్దు, రాయి రంగు ఒక్కో ఫ్రేములో ఒక్కోలా వస్తుంది. రెండు కార్డుల్లోనూ ఒకేసారి రికార్డయ్యేట్టు పెట్టాను.

సైలెంట్ షట్టర్ గురించి ఒక మాట. పగటి వెలుగులో ఎలక్ట్రానిక్ షట్టర్ (కెమెరాలో ఏ తెరా కదలకుండా ఫోటో తీసేది) భేషుగ్గా పనిచేస్తుంది, చప్పుడే ఉండదు. దీపాలు వెలిగాక మాత్రం నమ్మకూడదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఫోటో మీద అడ్డంగా చారలు పడతాయి. చీకటి పడితే మెకానికల్ షట్టర్‌కు మారి, 1/100 దగ్గర పెట్టుకోవాలి. నా దగ్గర పనిచేసే తమ్ముడికి రెండో కెమెరా, 35 లెన్సుతో. అతను బురుజంతా కనపడేట్టు దూరం నుంచి తీస్తాడు. అంతకంటే ముఖ్యమైన పని ఇంకొకటి అప్పగించాను: ఎవరైనా ఫోన్ ఎత్తితే దగ్గరికెళ్ళి మర్యాదగా వద్దని చెప్పడం.

శనివారం రాత్రి, మా మేడ మీద

అబ్బాయితో రిహార్సల్. నవ్వుకుంటూ మొదలుపెట్టాం గానీ చాలా విషయాలు తేలాయి.

మోకాలి మీద కూర్చోవడం అతని కోరిక. మన దగ్గర ఆ పద్ధతి లేదు కదా అని వాళ్ళ చెల్లెలు ఏడిపించిందట. తను ఇష్టపడే అమ్మాయి ముందు కాస్త తగ్గి కూర్చుని అడగాలనుంది అన్నాడు. అడిగే తీరు అతని ఇష్టం. నా పట్టింపల్లా ఏ మోకాలు అన్నదే. కెమెరా వైపు ఉన్న మోకాలు నేలకు ఆనించాలి. అప్పుడు ఒళ్ళు కెమెరా వైపు విచ్చుకుంటుంది. రెండో మోకాలు ఆనిస్తే పైకి లేచిన తొడే సగం ఫ్రేము మింగేస్తుంది. ఉంగరం పెట్టె గడ్డం కంటే కిందుగా పట్టుకోవాలి, లేకపోతే అతని ముఖమే కనపడదు. అడిగిన వెంటనే లేచి నిలబడకూడదు, ఆమెకు వినడానికీ, అర్థం కావడానికీ కొంచెం టైమివ్వాలి.

పెట్టె కూడా మార్పించాను. నగల కొట్లో ఇచ్చిన ఎర్ర వెల్వెట్ పెట్టె ప్యాంటు జేబులో ఉబ్బెత్తుగా, నిమ్మకాయ పెట్టుకున్నట్టు కనపడుతోంది. పల్చటి చిన్న డబ్బీ ఒకటి ఇచ్చాను.

ఇక సైగ. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటే అదే సైగ అని అతనే అన్నాడు. రిహార్సల్ సాగుతున్నంతసేపూ నేను గమనిస్తూనే ఉన్నాను, టెన్షన్ వచ్చినప్పుడల్లా అతను కళ్ళద్దాలు తుడుస్తాడు. అందుకని చొక్కా చేతులు మడవడం సైగగా పెట్టుకున్నాం. కుడి చెయ్యి మడిస్తే నేను సిద్ధం కావాలి, ఎడమ చెయ్యి మడిస్తే అడగబోతున్నాడని. నా వైపు నుంచి కూడా ఒక సైగ ఉండాలన్నాను. నేను మిస్డ్ కాల్ ఇస్తే, కారణం అడగకుండా ఆగిపోవాలి. ఒప్పుకున్నాడు.

ఏమని అడుగుతావు అన్నదానికి మాత్రం జవాబు నాకు చెప్పొద్దన్నాను. అది నేను ముందుగా వినాల్సింది కాదు.

మాఘం మొదట్లో, బుధవారం సాయంత్రం

అమ్మాయి చెల్లెలు మా వైపే. డ్యూటీ దిగగానే బురుజు దగ్గర కలుద్దామని అక్కకు చెప్పి పెట్టింది. పొద్దు గుంకేది ఆరు దాటాక. ఐదుకల్లా వాళ్ళు వస్తే వెలుతురు చక్కగా సరిపోతుంది. నేను, మేనకోడలు, తమ్ముడు ముందే చేరుకున్నాం. అబ్బాయి ఇస్త్రీ చొక్కాతో వచ్చి నన్ను చూసి కూడా చూడనట్టు దాటిపోయాడు. బాగానే నేర్చుకున్నాడు.

అమ్మాయి వచ్చేసరికి ఆరుకు దగ్గరపడింది. ఆమెను రిలీవ్ చేయాల్సిన మనిషి ఆలస్యంగా వచ్చిందట. వెలుతురు పోతోంది, కానీ ఇంకా పనికొస్తుంది. ఐఎస్ఓ పెరుగుతుంది, ఫరవాలేదు. నేను లెన్సు ఆమె వైపు తిప్పాను.

200 ఎం.ఎం.లో మనిషి ముఖం చాలా దగ్గరగా వస్తుంది. చెంపల మీద మాస్కు అంచు పడిన గీత ఇంకా ఎర్రగా ఉంది. చెవి వెనక మాస్కు తాడు ఒరుసుకున్న చోట వేలితో మాటిమాటికీ రుద్దుకుంటోంది. చెప్పుల్లోంచి ఒక మడమ బయటికి తీసి, బరువంతా రెండో కాలి మీద వేసి నిలబడింది. అబ్బాయి ఏదో చెబుతున్నాడు, కొండారెడ్డి కథే అయుంటుంది. ఆమె ఊఁ కొడుతూనే గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది.

అబ్బాయి కుడి చెయ్యి మడిచాడు.

నేను మిస్డ్ కాల్ ఇచ్చాను. అతను ఫోన్ తీసి చూశాడు. ఒక్క క్షణం ముఖం పాలిపోయింది. తర్వాత మడిచిన చెయ్యి కిందికి లాక్కున్నాడు. నేను మెసేజ్ పెట్టాను: "ఈ రోజు వద్దు. బాగా అలిసిపోయి ఉంది. ఇంటికి తీసుకెళ్ళి అన్నం తినమను." ఇద్దరూ బయటికి నడిచారు. గేటు బయట ఆమె కోసం ఆటో ఆపి, ఎక్కించి, తను బండి మీద వెనకాలే పోయాడు.

ఆ సాయంత్రం ఆమె ఫోటో ఒక్కటీ తీయలేదు. మేనకోడలి ఫోటోలు మాత్రం చాలా బాగా వచ్చాయి, అవి వాళ్ళమ్మకు పంపాను.

రాత్రి అబ్బాయి ఫోన్ చేశాడు. ఇంత ఏర్పాటు చేసుకుని ఆగిపోయినందుకు బాధపడుతున్నాడేమో అనుకున్నాను. "నాకు కూడా తెలిసిందక్కా, కానీ ఆపే ధైర్యం రాలేదు" అన్నాడు. ఆమె వీక్లీ ఆఫ్ ఎప్పుడో కనుక్కోమన్నాను. ఆఫ్ రోజున, బాగా నిద్రపోయి లేచాక, పొద్దున పెట్టుకుందామన్నాను. సాయంత్రపు బంగారు వెలుతురు పోతుందని కొంచెం దిగులుపడ్డాడు. పొద్దున ఆ మూల నీడలో ఉంటుందని, ఎదుటి గోడ మీద పడ్డ ఎండ అక్కడికి మెత్తగా తిరిగి వస్తుందని చెప్పాను. ముఖాలకు అంతకంటే మంచి వెలుతురు ఉండదు. పైగా పొద్దున జనం తక్కువ.

ఆమె వీక్లీ ఆఫ్ రోజు

చెల్లెలు వేసిన ఎత్తు భలే పనిచేసింది. "ఉగ్గాని బజ్జి తినొద్దాం రా అక్కా" అని లేపుకొచ్చింది. తిన్నాక బురుజు వైపు నడిచారు. అబ్బాయి దారిలో కలిశాడు. చెల్లెలు ఫోన్ మాట్లాడుతున్నట్టు వెనకబడింది.

అమ్మాయి తలంటుకుని వచ్చింది. జుట్టు ఇంకా తడిగా ఉంది, కొసల దగ్గర చిన్న ముడి వేసుకుంది, చుడీదార్ వీపు మీద తడి మరక. మేకప్ లేదు. ముఖం తేటగా ఉంది. నడుస్తూ నడుస్తూ అబ్బాయి భుజం మీద ఒకటి వేసి నవ్వుతోంది. లెన్సులోంచి అది చూశాక నా టెన్షన్ సగం తగ్గింది.

మూల దగ్గరికి వచ్చారు. కుడి చెయ్యి మడిచాడు. ఎడమ చెయ్యి మడవడానికి బొత్తాం రాలేదు, ఆమే సాయం చేసి మడిచింది. తన చేత్తో తనే నాకు సైగ ఇచ్చినట్టయింది. ఆ ఫ్రేము ఉంది నా దగ్గర. ఆమె ముఖంలో ఏమీ తెలియని ప్రశాంతత, అతని ముఖంలో అంతా తెలిసిన కంగారు. ఈ షూట్ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఫోటో అదే. ఉంగరం కనపడే ఫోటోలన్నీ దీని తర్వాతే.

కూర్చున్నాడు. సరైన మోకాలే. ఆమె మొదట కింద ఏదో పడిపోయిందనుకుని తనూ వంగింది. తర్వాత డబ్బీ చూసింది. వెంటనే చుట్టూ చూసింది, ఎవరైనా చూస్తున్నారా అని. ఆ చూపు నా మీదుగా కూడా పోయింది. నేను "చున్నీ సరిచేసుకో" అని మేనకోడలితో పెద్దగా అన్నాను. చూపు ఆగకుండా దాటిపోయింది. అక్కడున్నది ఒక ముసలి జంట, దూరంగా ఇద్దరు పిల్లలు. వాళ్ళల్లో ఒకడు ఫోన్ ఎత్తబోతే తమ్ముడు పక్కన కూర్చుని ఏదో మాటల్లో పెట్టాడు. కాపలా పెద్దాయన అటు ఎవరినీ పోనివ్వకుండా దారి మధ్యలో తీరిగ్గా నిలబడ్డాడు.

ఆమె ఏదో అంది. పెదవులు కదలడం చూసి సరే అన్నదనుకున్నాను. అబ్బాయి గట్టిగా నవ్వి ఏదో చెప్పాడు. అప్పుడు ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుని, వేళ్ళ సందులోంచి చూస్తూ తల ఊపింది. తర్వాత చెప్పాడు అసలు సంగతి. ఆమె మొదట అడిగింది "మా అమ్మకు తెలుసా?" అని. ఇతను "పుష్యం పోయేదాకా ఆగమన్నదే మీ అమ్మ" అన్నాడు.

కాసేపు వాళ్ళను వాళ్ళకు వదిలేశాం. తర్వాత నేనే దగ్గరికి వెళ్ళి చెప్పాను: "అమ్మా, నేను ఫోటోలు తీశాను. నీకు తెలియకుండా తీసినవి కాబట్టి ఏవి ఉండాలో, ఏవి తీసేయాలో నువ్వే చెప్పాలి." కెమెరా వెనక తెర మీద ఒక్కొక్కటే చూపించాను. చెయ్యి మడిచే ఫోటో దగ్గర ఆగి, అబ్బాయి వైపు తిరిగి "దొంగా" అంది. ఏడుస్తున్న ఫోటోలు తమ ఇద్దరికే, ఎక్కడా పెట్టొద్దంది. మొదటి ఫోటో వాళ్ళమ్మకు పోవాలంది. అక్కడే ఫోన్లోకి ఎక్కించి ఇచ్చాను, అప్పటికప్పుడు పంపింది.

ఎడిటింగ్

రాయి రంగును అలాగే ఉంచాను. ఈ మధ్య అందరూ నారింజ రంగు కొట్టిస్తున్నారు, అది వేస్తే మన బురుజు ఎక్కడిదో ఎడారి కోటలా తయారవుతుంది. చర్మం నునుపు చేయలేదు, తడి జుట్టు, వీపు మీది మరక అలాగే ఉన్నాయి. నీడలో తీసినందువల్ల ముఖాల మీద నీలి ఛాయ కొంచెం వచ్చింది. వైట్ బ్యాలెన్స్ అన్ని ఫ్రేములకూ ఒకటే కాబట్టి ఒకదాన్ని సరిచేసి మిగతావాటికి అదే వేశాను. తమ్ముడు తీసినవాటిల్లో బురుజు మొత్తం, కింద మూలలో చిన్నగా ఇద్దరూ ఉన్న ఫోటో ఒకటి పెద్ద ప్రింటుకు పనికొస్తుంది.

ఇలాంటి పనులకు ఇకమీదట నా ఒప్పంద కాగితంలో రెండు వాక్యాలు చేరుస్తున్నాను. ఎవరికైతే సర్‌ప్రైజ్ ఇస్తున్నారో, వాళ్ళు ఒప్పుకున్నాకే ఫోటోలు ఎక్కడైనా పెట్టాలి. ఫోటోగ్రాఫర్ ఆపమంటే ఆ రోజుకు ఆగిపోవాలి, దానికి అదనపు ఛార్జీ ఉండదు.

అమ్మాయి తీసేయమన్న ఫైళ్ళు రెండు కార్డుల్లోంచీ, హార్డ్ డిస్కులోంచీ తీసేశాను. మిగతావి పెన్‌డ్రైవ్‌లో ఆమె చేతికే ఇచ్చాను. చెయ్యి మడిచే ఫోటో రెండు ప్రింట్లు కావాలంది, రెండిళ్ళకూ ఒక్కొక్కటి. ఫ్రేములు కట్టే ఆయన శుక్రవారం ఇస్తానన్నాడు.